వంశానికి అప్పగించిన కంచు

చైనా దేశపు అతి ప్రాచీన చరిత్ర కోటలలో కన్న కంచు పాత్రలలో ఎక్కువగా నిలిచి ఉన్నదంటే అతిశయోక్తి కాదు. కలపతోనూ మట్టితోనూ కట్టిన నాటి ప్రాసాదాలు కాలగర్భంలో కలిసిపోయాయి. భూమిలో పాతిపెట్టిన కంచు మాత్రం మూడు వేల ఏండ్లు చెక్కుచెదరలేదు. క్రీ.పూ. 1600 ప్రాంతం నుండి ఏలిన షాంగ్ రాజులూ, వారి తర్వాత వచ్చిన ఝౌ రాజులూ పితృదేవతలకు అన్నం, మాంసం, మద్యం నివేదించేందుకు ఈ పాత్రలను పోత పోయించేవారు. వీటిలో మూడు లేక నాలుగు కాళ్ల మీద నిలిచే వంట పాత్రకు 'డింగ్' అని పేరు.

మన పంచలోహ విగ్రహాలకు మైనపు నమూనా ఆధారం. షాంగ్ శిల్పుల పద్ధతి వేరు. ముందుగా మట్టితో నమూనా చేసి, దానిపై మెత్తని మట్టిని అదిమి, ఆ పై అచ్చును ముక్కలు ముక్కలుగా కోసి తీసేవారు. లోపల మట్టి దిమ్మను నిలిపి, చుట్టూ అచ్చు ముక్కలను తిరిగి కూర్చి, నడుమ మిగిలిన సందులో కరిగిన రాగి, తగరం, సీసాల మిశ్రమాన్ని పోసేవారు. 1939లో అన్యాంగ్ వద్ద దొరికిన 'హౌమువూ' డింగ్ బరువు 832.84 కిలోలు. అంత లోహాన్ని కరిగించి, చల్లారక ముందే అచ్చులో నింపాలంటే ఎందరు పనివారు ఒక్క మాట మీద నడిచి ఉండాలో కర్మాగార జీవితం ఎరిగిన మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. అదే ప్రాంతంలో 1976లో బయటపడిన రాణి ఫూ హావ్ సమాధిలో 468 కంచు వస్తువులు లభించాయి. దొంగల చేయి పడని సమాధి కావడం వల్లనే ఏ వస్తువు ఎక్కడ ఉన్నదో, ఎవరిదో నేటికీ చెప్పగలుగుతున్నారు.

బిందెల మీద, గిన్నెల మీద పేరు కొట్టించుకోవడం మన ఇండ్లలోనూ ఎరుగుదుము. ఝౌ కాలపు ప్రభువులు పేరుతో ఆగలేదు. రాజు తమకు చేసిన సన్మానాన్ని, తమ పూర్వుల ఘనతను పాత్ర లోపలి గోడపై అక్షరాలుగా పోత పోయించారు. అటువంటి శాసనాలు తరచుగా ఒకే కోరికతో ముగుస్తాయి: కొడుకులూ మనుమలూ దీనిని శాశ్వతంగా భద్రపరచి వాడుకోవాలని. ఆ కోరికను మన్నించినవారు సొంత మనుమలు కారు, ఎన్నో శతాబ్దాల తర్వాత పుట్టిన పరాయివారు.

సాంగ్ వంశ కాలంలో వీటి సేకరణ ఒక శాస్త్రంగా ఎదిగింది. లూ దాలిన్ 1092లో కూర్చిన గ్రంథంలో పాత్రల చిత్రాలు, కొలతలు, శాసనాలు కనిపిస్తాయి. హుయ్‌జోంగ్ చక్రవర్తి భాండాగారపు పట్టికలో ఎనిమిది వందలకు పైగా పాత్రలు చేరాయి. 1127లో జుర్చెన్ సేనలు రాజధాని కైఫెంగ్‌ను పట్టుకోగా ఆ సంపద చెల్లాచెదరైంది. కవయిత్రి లీ చింగ్‌జావ్, ఆమె భర్త జావ్ మింగ్‌చెంగ్ బట్టలు తాకట్టు పెట్టి మరీ శాసనాల ప్రతులూ పాత్రలూ కూడబెట్టిన దంపతులు. యుద్ధంలో పారిపోతూ ఏది ముందు వదలాలో భర్త ఆమెకు వరుస చెప్పాడు: మొదట సామాను, పిదప బట్టలు, ఆపై పుస్తకాలు, ఆ తర్వాత పాత కంచు. పితృపూజా పాత్రలను మాత్రం ప్రాణంతో సమంగా కాపాడమన్నాడు. 1129లో అతడు మరణించాడు. ఆమె చేతిలో చివరకు మిగిలినది అత్యల్పం.

ఈ కథకు భిన్నమైన ముగింపు ఇరవయ్యవ శతాబ్దంలో లభించింది. చింగ్ కాలపు ఉన్నతాధికారి పాన్ జూయిన్ సేకరణలో 153.5 కిలోల 'దా యూ' డింగ్, 201.5 కిలోల 'దా కె' డింగ్ ఉండేవి. ఒక్కొక్క దానిలో దాదాపు 290 అక్షరాల శాసనం ఉన్నది. సుఝౌలోని ఆ ఇంటి బాధ్యత చిన్న వయసులోనే వితంతువైన కోడలు పాన్ దాయూ మీద పడింది. 1937లో జపాను దండయాత్ర సమీపించగా, ఆమె ఆ రెంటినీ పెట్టెలో ఉంచి ఇంటి నేల కింద పాతిపెట్టించింది. సైనికులు ఆ ఇంటిని పలుమార్లు గాలించినా అవి దొరకలేదు. 1951లో ఆమె స్వయంగా ప్రభుత్వానికి లేఖ వ్రాసి రెంటినీ దానం చేసింది. 1959లో 'దా యూ' బీజింగ్ తరలింది, 'దా కె' షాంఘై మ్యూజియంలో ఉండిపోయింది. ఆమె నూరేండ్లకు చేరువైన 2004లో, ఆమె గౌరవార్థం, రెంటినీ షాంఘైలో మళ్లీ ఒకచోట నిలిపారు. 2007లో ఆమె కన్నుమూసింది.

సేకరణలో ఆశ ఉన్నది, అపాయమూ ఉన్నది. కొనేవాడు ఉన్నంత కాలం సమాధిని త్రవ్వే దొంగ ఉంటాడు. దొంగ త్రవ్విన పాత్ర అందంగానే ఉంటుంది గాని, అది ఏ సమాధిలో, ఎవరి పక్కన, వేటి నడుమ నిలిచిందో చెప్పలేదు. ఆలయాల నుండి విగ్రహాలు అపహరణకు గురైన మన దేశానికి ఈ బాధ క్రొత్త కాదు. పాత్రలో కొడుకులూ మనుమలూ అని వ్రాయించిన ప్రభువు తన వంశాన్నే తలచి ఉంటాడు. పాన్ దాయూ ఆ మాటకు అర్థాన్ని విస్తరించింది. ఆమె ఎంచుకున్న వారసులు మ్యూజియం తలుపు దాటి వచ్చే ప్రజలందరూ.