జబ్బు గీజరుకు, మందు మనిషికి

గత నెలలో మా గీజరు మూలబడింది. బాగుచెయ్యడానికి వచ్చిన కుర్రవాడు లోపలి ఎలిమెంటును బయటికి లాగి నా చేతిలో పెట్టాడు. దాని చుట్టూ సున్నపురాయి వంటి తెల్లని గార, పెచ్చులు పెచ్చులుగా. "చూశారా సార్, మీ బోరునీళ్ళు! గీజరుకే ఇంత పడితే కడుపులో ఎంత పడుతుందో!" అన్నాడు. ఆ వారంలోనే జలశుద్ధి యంత్రాలమ్మే మనిషి మా గుమ్మంలో నిలబడ్డాడు. గీజరుకు వచ్చిన జబ్బుకు మనిషి చేత మందు మింగించే ఈ వ్యాపారం మీదే నా ఫిర్యాదు.

ఆయన రెండు గాజుగ్లాసులు పెట్టాడు. ఒకదానిలో మా నీళ్ళు, రెండవదానిలో తాను తెచ్చిన ఆర్వో నీళ్ళు. రెంటిలోనూ లోహపు కడ్డీలు ముంచి కరెంటు పెట్టాడు. నిమిషంలో మా నీళ్ళు గోధుమరంగు తిరిగి మడ్డి తేలాయి. ఆయనవి తేటగా ఉన్నాయి. మా అమ్మ నోరు నొక్కుకుని, "ఇన్నాళ్ళూ ఇవేనా నాయనా మనం తాగింది?" అంది.

ఆ మడ్డి నీళ్ళలోది కాదు, ఇనుప కడ్డీది. లవణాలున్న నీటిలో విద్యుత్తు బాగా ప్రవహిస్తుంది, ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. లవణాలు తీసేసిన నీటిలో విద్యుత్తు సరిగా పారదు, కనుక రంగు రాదు. ఆయన తేటనీళ్ళలో చిటికెడు వంటఉప్పు వేసి మళ్ళీ చూపించమన్నాను. ఆయనకు హఠాత్తుగా మరొక ఇంటి పని గుర్తుకొచ్చింది.

గీజరులో జరిగేది వేరు. కఠినజలంలో కాల్షియం బైకార్బనేటు కరిగి ఉంటుంది. వేడి తగిలితే అది విడిపోయి, కరగని కార్బనేటుగా మారి లోహానికి అంటుకుంటుంది. ఆ గార వేడిని నీటికి అందనివ్వదు. కరెంటు బిల్లు పెరుగుతుంది, ఎలిమెంటు తన వేడికి తానే కాలిపోతుంది. వాషింగ్ మెషీన్లోనూ ఇదే కథ. సబ్బు కాల్షియంతో కలిసి తెట్టు కడుతుంది, బట్టలు బిరుసెక్కుతాయి. కందిపప్పు ఒక పట్టాన ఉడకదు. ఇవన్నీ నిజమైన కష్టాలే, కాదనను.

కాని కడుపు గీజరు కాదు. ఒంట్లో నీళ్ళు మరగవు. మూత్రపిండాల్లో ఏర్పడే రాళ్ళలో అధికభాగం కాల్షియం ఆక్సలేటు, గీజరులో కట్టే కార్బనేటు కాదు. భారతీయ ప్రమాణం (2012) తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకపోతే మేలంటూనే, వేరే ఆధారం లేనప్పుడు 600 దాకా అనుమతించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాఠిన్యానికి ఆరోగ్యరీత్యా ఏ పరిమితీ విధించలేదు.

నా అసలు బాధ ఇది కాదు. కఠినజలం తన గుట్టు తానే బయటపెట్టుకుంటుంది, బకెట్టు మీద, కుళాయి మీద తెల్లమరకలు వదులుతుంది. మనిషిని కుంగదీసే ఫ్లోరైడు ఏ పాత్ర మీదా మరక వదలదు, రుచికి దొరకదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ పల్లెల్లో ఎముకలు వంగిపోయినవారిని చూసినవారికి ఇది చెప్పనక్కరలేదు. పైగా కాల్షియం తక్కువగా ఉన్న నీటిలోనే ఫ్లోరైడు సులువుగా నిలుస్తుంది! గార కట్టని నీళ్ళన్నీ మంచివనుకుంటే ఎంత ప్రమాదమో చూడండి. అమ్మకందారు చేతిలోని టీడీయస్ మీటరు అంకె చెబుతుంది గాని పేరు చెప్పదు. అందులో కాల్షియం ఎంతో, ఫ్లోరైడు ఎంతో, నైట్రేటు ఎంతో ప్రయోగశాలలో పరీక్షిస్తే తప్ప తేలదు.

ఫ్లోరైడు ఉన్నదని తేలినచోట ఆర్వో పెట్టుకోండి, అది అక్కడ అవసరమే. నేను తప్పుపట్టేది పరీక్ష లేని భయాన్ని. కృష్ణ, గోదావరి నల్లానీళ్ళు వచ్చే ఇళ్ళలోనూ ఈ యంత్రం ఎందుకు? లీటరుకు 500 మిల్లీగ్రాముల కన్న తక్కువ లవణాలున్న నీటికి ఆర్వోను నిషేధించమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్రాన్ని ఆదేశించింది. సాధారణంగా ఇళ్ళలోని యంత్రం ఒక లీటరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు మోరీలోకి వదులుతుంది. ఎండాకాలం బోరెండి, టాంకరు కోసం వరుస కట్టే మా అపార్ట్‌మెంటులోనే ఇంటింటా ఈ ధార!

గీజరు జబ్బుకు గీజరు మందే చాలు. వేడి అరవై డిగ్రీలు దాటనివ్వకండి. ఏడాదికొకసారి ఎలిమెంటు తీయించి నిమ్మఉప్పు నీళ్ళలో నానబెట్టించండి. స్తోమతుంటే స్నానపు నీటికి, ఉతుకుడు నీటికి మాత్రం సాఫ్టెనరు పెట్టించుకోండి. అన్నిటికన్న ముందు వాననీటిని భూమిలోకి ఇంకనివ్వండి. 2002 నాటి వాల్టా చట్టం ఇంకుడుగుంతల సంగతి ఎప్పుడో చెప్పింది. ఆకాశం నుంచి పడేది మృదుజలమే, పైసా ఖర్చు లేనిది. దాన్ని మోరీలోకి తోసేసి, పాతాళంలోని నీళ్ళు తోడుకుని, అవి గట్టిగా ఉన్నాయని ఏడవడం ఏ న్యాయం?

మా ఇంట్లో కొత్త ఎలిమెంటు పడింది. ఆర్వో రాలేదు. నీళ్ళు పరీక్షకు వెళ్ళాయి. ఫ్లోరైడు ఉందని తేలితే ఆ యంత్రాన్ని నేనే వెళ్ళి కొనుక్కుంటాను. అంతవరకు ఆ గ్లాసుల మనిషికి మా తలుపు తెరవను.