నెపం ఐసీ మీద

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో విచారణ లేకుండానే తీర్పులు వెలువడుతుంటాయి. మైక్రోకంట్రోలర్‌కి డాక్ (డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్) కలిపి ర్యాంప్ వేవ్‌ఫామ్ తీయమంటారు. సీఆర్‌ఓ తెర మీద ఏదో గజిబిజి గీత కనిపిస్తుంది. "సార్, అవుట్‌పుట్ రావట్లేదు" అంటాడు కుర్రాడు. "ఐసీ పోయినట్టుంది, ఇంకోటి పెట్టు" అంటారు పెద్దవాళ్లు. కాలేజీ దాటి ప్రాజెక్టుల్లోకి, సర్వీస్ సెంటర్లలోకి వెళ్లినా ఇదే సలహా. దీని వెనక ఒక లెక్క ఉంది. పార్టు చవక, మనిషి టైమ్ ఖరీదు, కాబట్టి వెతకడం కన్నా మార్చడమే తెలివి అని. కోఠీ గుజరాతీ గల్లీలో చవగ్గా దొరికే మాడ్యూల్ కోసం గంటల తరబడి మీటరు పట్టుకుని కూర్చుంటామా అని అడుగుతారు.

ఈ లెక్క డబ్బు విషయంలో తప్పు. చదువు విషయంలో మరీ తప్పు.

డాక్ చేసే పని అంకెను వోల్టేజీగా మార్చడం. ఎల్‌ఈడీ అయితే వెలుగుతుంది, లేదా వెలగదు. అంతకు మించి ఏమీ చెప్పదు. డాక్ అలా కాదు. తప్పు చేసినప్పుడు కూడా దాని అవుట్‌పుట్‌కి ఒక ఆకారం ఉంటుంది, తప్పు ఎక్కడుందో ఆ ఆకారంలోనే ఉంటుంది. దాన్ని చదవకుండా ఐసీ పీకేస్తే ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ చేజేతులా చెరిపేసినట్టే.

మన ల్యాబుల్లో ఏళ్లుగా నడుస్తున్న డాక్0808నే చూడండి. ఎనిమిది బిట్ల ఐసీ. 8051 పోర్టులో సున్నా నంబరు పిన్ అన్నిటికన్నా చిన్న బిట్. డాక్0808లో మాత్రం ఏ1 అన్నిటికన్నా పెద్ద బిట్, ఏ8 చిన్నది. చిన్న నంబరు పిన్‌ని చిన్న నంబరు పిన్‌కి కలపడం ఎవరికైనా సహజంగా తోచే పని. అలా కలిపితే బిట్లన్నీ తలకిందులవుతాయి. ప్రోగ్రామ్ 1 పంపితే డాక్‌కి 128 అందుతుంది. 2 పంపితే 64, 3 పంపితే 192. మెల్లగా మెట్లెక్కాల్సిన ర్యాంప్ మొదటి మెట్టుకే సగం ఎత్తుకు ఎగిరి, మళ్లీ కిందికి దూకి, ఇంకా పైకి లేస్తుంది. చూసినవాళ్లు "ఐసీ కొట్టేసింది" అంటారు. నిజానికి ఆ ఐసీ తనకు ఏ అంకె అందితే దాన్నే నమ్మకంగా వోల్టేజీ చేసి చూపిస్తోంది. డజను ఐసీలు మార్చినా అదే గీత వస్తుంది. వేవ్‌ఫామ్ ఆపేసి ఒక్క 1 పంపి మీటరు పెడితే చాలు. సగం వోల్టేజీ కనపడగానే వైర్లు తిరగబడ్డాయని తెలిసిపోతుంది.

ఐసీ పక్కనుండే ఆప్‌యాంప్ సంగతీ అంతే. ఎల్‌ఎం358కి ఐదు వోల్టులే ఇచ్చి ఐదు వోల్టుల దాకా పోయే ర్యాంప్ రావాలంటే రాదు. దాని అవుట్‌పుట్ సప్లైకి దాదాపు ఒకటిన్నర వోల్టు కిందే ఆగిపోతుంది. మూడున్నర వోల్టుల దగ్గర వేవ్‌ఫామ్ తల కోసినట్టు చదునుగా ఉందంటే, డాక్ జోలికే పోనక్కర్లేదు.

ఇప్పుడు కుర్రాళ్లు ఎక్కువగా వాడే ఎంసీపీ4725కి వద్దాం. పన్నెండు బిట్ల డాక్, ఐటూసీ మీద నడుస్తుంది. 2048 పంపితే రెండున్నర వోల్టులు రావాలి, 2.35 వచ్చింది. "చైనా మాల్ అంతే" అనేస్తారు. ఈ చిప్‌కి విడిగా రిఫరెన్స్ లేదు, తన సప్లైనే రిఫరెన్స్‌గా వాడుకుంటుంది. అదే మీటరుతో సప్లై కూడా కొలిచి ఉంటే, సన్నటి యూఎస్‌బీ కేబుల్ చివర 4.70 వోల్టులే ఉన్నాయని తెలిసేది. అందులో సగం 2.35. చిప్ లెక్క కచ్చితం, నేరం కేబుల్‌ది. సైన్ వేవ్ ముప్పై హెర్ట్జ్ దాటట్లేదని ఇంకొకరి ఫిర్యాదు. చిప్ నిలకడకు రావడానికి సుమారు 6 మైక్రోసెకన్లు చాలు. కానీ 100 కిలోహెర్ట్జ్ ఐటూసీ మీద ఒక్క విలువ పంపడానికే దాదాపు 300 మైక్రోసెకన్లు పడుతుంది. సైకిల్‌కి వంద పాయింట్లు పెడితే ముప్పై చిల్లర హెర్ట్జ్ కన్నా ఎక్కువ ఎలా వస్తుంది? చిప్ మారిస్తే ఐటూసీ బస్ వేగం పెరగదు.

మార్చినా బాగుపడనివి కొన్నయితే, మార్చడం వల్ల ఇంకా చెడేవి కొన్ని. ఎంసీపీ4725 లోపల కరెంటు పోయినా విలువ గుర్తుంచుకునే చిన్న ఈప్రామ్ ఉంది. దానికి పది లక్షల రాతల ఆయుష్షు. ఒక్కో రాతకు సుమారు 25 మిల్లీసెకన్లు పడుతుంది. లైబ్రరీలో ఆ మెమరీలోకి రాసే ఆప్షన్ ఒకటి ఉంటుంది. దాన్ని లూప్‌లో ఆన్ చేసి వదిలేస్తే వేవ్‌ఫామ్ నత్తనడక నడుస్తుంది, మెమరీ ఆయుష్షు ఏడు గంటల్లో తీరిపోతుంది. కొత్త చిప్ పెడతారు. అదే కోడ్ దాన్నీ తినేస్తుంది. తప్పు పోలేదు, దానికి కొత్త మేత దొరికింది.

అర్డుయినో డ్యూ బోర్డులో ఉన్న డాక్‌ల అవుట్‌పుట్ తయారీలోనే 0.55 వోల్టుల నుంచి 2.75 వోల్టుల దాకా పరిమితం. సున్నా పంపినా సున్నా రాదు. ఈ సంగతి తెలియనివాడు బోర్డు మారుస్తాడు, మళ్లీ 0.55. మూడోదీ మారుస్తాడు. చివరికి లాట్ మొత్తం డిఫెక్టివ్ అని తేలుస్తాడు. డేటాషీట్‌లో ఒక్క లైను చదివితే పోయేదానికి ఇంత ఖర్చు.

"మార్చి చూడటం కూడా ఒక టెస్టే కదా" అంటారు. ఒప్పుకుంటాను. ఐసీలు పోవడమూ నిజమే. ఐదు వోల్టుల చిప్‌కి పన్నెండు వోల్టులు తగిలితే పోతుంది. దొంగ మాలూ మార్కెట్లో ఉంది. కానీ మార్చేటప్పుడు మారేది ఐసీ ఒక్కటే అనుకోవడం పొరపాటు. కరెంటు ఆపి మళ్లీ ఇస్తారు, కంట్రోలర్ రీసెట్ అవుతుంది. బ్రెడ్‌బోర్డులో వదులైన కాంటాక్టు పిన్ను దిగేసరికి బిగుసుకుంటుంది. సగం ఊడిన గ్రౌండ్ వైరు చెయ్యి తగిలి సర్దుకుంటుంది. అవుట్‌పుట్ వచ్చేస్తుంది, పేరు కొత్త ఐసీకి దక్కుతుంది. వారం తర్వాత అదే తప్పు మళ్లీ వస్తే కొత్తదీ నాసిరకమే అంటారు. తీసేసిన పాత ఐసీని మళ్లీ పెట్టి చూసినవాళ్లు ఎందరు? ఆ ఒక్క పని చేస్తేనే మార్చడం టెస్టు అవుతుంది. చెయ్యకపోతే అది జూదం.

ఇక టైమ్ సంగతి. డాక్‌కి 0, 2048, 4095 వరసగా పంపి మూడు రీడింగులు తీసుకోవడానికి, సప్లై పిన్ దగ్గర, గ్రౌండ్ దగ్గర మీటరు పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? కోఠీ బస్సు కోసం స్టాపులో నిలబడేంతసేపు పట్టదు.

అసలు నష్టం టైమూ కాదు, డబ్బూ కాదు. మన ల్యాబ్ రికార్డుల్లో నీటైన ర్యాంపులు, త్రిభుజాలు తప్ప ఇంకేమీ ఉండవు. సగం సీనియర్ల రికార్డు చూసి గీసినవే. చెడిన వేవ్‌ఫామ్‌కి మార్కుల్లేవు కాబట్టి దాన్ని గీసినవాడు లేడు. ఎందుకు చెడిందో రాసినవాడు అసలే లేడు. నాలుగేళ్లు ఇలా చదివి ఉద్యోగంలో చేరినవాడు, మోటార్ డ్రైవ్‌కి వెళ్లే 0–10 వోల్టుల సిగ్నల్ ఊగుతుంటే బోర్డు మార్చమని ఇండెంట్ పెట్టక ఏం చేస్తాడు?

మార్చాల్సింది పరీక్షని. పనిచేసే సర్క్యూట్ కట్టమనడం ఆపి, కావాలని చెడగొట్టిన సర్క్యూట్ ఇవ్వండి. చెయ్యి పెట్టకముందు తప్పు ఎక్కడుందనుకుంటున్నాడో కాగితం మీద రాయమనండి. మార్కులు ఆ కాగితానికి వెయ్యండి. ఐసీ పోయిందని ఎవరైనా రాస్తే, కొత్తది పెట్టినప్పుడు పనిచేసిందని, పాతది తిరిగి పెట్టినప్పుడు అదే తప్పు వచ్చిందని రెండు రీడింగులూ చూపించమనండి. అవి చూపించలేనివాడు ఆ కొత్త ఐసీని స్టోర్‌కి తిరిగి ఇచ్చేయాలి.