మంత్రులు గాని మంత్రులు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అధ్యక్షుని చుట్టును చేరిన సలహాదారుల బలము హద్దు మీరినదా యను ప్రశ్న చాలకాలముగా నున్నదే. 2025 సంవత్సరమున జరిగిన సంగతులు దానికి మరల పదును పెట్టినవి. ఇది పరదేశపు ఇంటి తగవని మనవారు త్రోసివేయరాదు. ఆ దేశాధ్యక్షుని చెవిని బడిన మాట బంగాళాఖాతము వరకును వచ్చిన సందర్భములు గలవు.

మొదట రాజ్యాంగము చెప్పునదేమో చూతము. రెండవ అధికరణము ననుసరించి రాయబారులను, ఉన్నత న్యాయమూర్తులను, ముఖ్యాధికారులను అధ్యక్షుడు సెనేటు సమ్మతితో నియమింపవలెను. దిగువ యధికారుల నియామకమును మాత్రము కాంగ్రెసు శాసనముచేత అధ్యక్షునకో, న్యాయస్థానములకో, శాఖాధిపతులకో విడిచిపెట్టవచ్చును. అమాత్యులను ధర్మార్థకామభయములచే పరీక్షించిన పిమ్మటనే వారి వారికి దగిన పనులలో నియోగింపవలెనని మన కౌటిల్యుడు విధించెను. అయితే ఆ పరీక్ష చేయువాడు రాజే. అమెరికా రాజ్యాంగకర్తలు నియోగించువాని చేతిలోనే పరీక్షను గూడ నుంచుటకు సమ్మతింపక, దానిని వేరొక సభ కప్పగించిరి.

అధ్యక్షుని సొంత కార్యాలయమున నుండు సలహాదారుల కీ పరీక్ష లేదు. 1937లో బ్రౌన్‌లో సంఘము అధ్యక్షునకు సహాయము చాలదని నివేదించెను. 1939లో రూజ్‌వెల్టు కాలమున అధ్యక్షుని కార్యనిర్వాహక కార్యాలయ మేర్పడెను. ఆ సంఘము కోరినది ఆరుగురికి మించని సహాయకులను. వారు సమాచారమును కూర్చి యందింపవలసినవారే గాని, శాఖాధిపతులకును అధ్యక్షునకును నడుమ నిలువరాదనియు, తమంత తాము ఉత్తరువు లీయరాదనియు దాని యుద్దేశము. పునాది యిట్టిది, పైకట్టడము వేరుగా లేచినది.

1947 శాసనముచే జాతీయ భద్రతా మండలి పుట్టెను. 1953లో ఐసెన్‌హోవరు దానికి తోడుగా భద్రతా సలహాదారుని పదవి నేర్పరచెను. ఈ పదవికి సెనేటు సమ్మతి యక్కరలేదు. 1971లో ఆ స్థానమందున్న హెన్రీ కిసింజరు పాకిస్తానము మీదుగా రహస్యముగా పెకింగు నగరమునకు పోయెను. సెనేటు సమ్మతి పొందిన విదేశాంగ మంత్రి రాజర్సునకు ఆ రాయబారమున పాలు లేదు. తూర్పు బంగాళమందలి మారణకాండను జూచియు తమ ప్రభుత్వము మౌనము వహించుటను నిరసించుచు, ఢాకాలోని అమెరికా యుద్యోగులు ఏప్రిలులో తంతి పంపిరి. కాన్సలు జనరలు ఆర్చరు బ్లడ్ దానిని సమర్థించెను. విధానము మారలేదు, బ్లడ్ మాత్రము ఢాకా విడువవలసి వచ్చెను. డిసెంబరులో ఎంటర్‌ప్రైజ్ యను యుద్ధనౌక మన సముద్రమునకు వచ్చెను. కిసింజరు నడపిన సమావేశముల రహస్య పత్రములను పత్రికారచయిత జాక్ ఆండర్సను బయటపెట్టిన పిమ్మటగాని, పాకిస్తాను వైపు మొగ్గు చూపుమన్న యాదేశ మెచ్చటనుండి వచ్చినదో లోకమునకు స్పష్టము గాలేదు. నిర్ణయము నిక్సనుదే యనుటలో సందేహము లేదు. కాని దానిని నడిపిన హస్తమును ప్రజాప్రతినిధులు చూడజాలకపోయిరి.

1986లో బయటపడిన ఇరాను ఆయుధముల వ్యవహారము ఇంతకంటె ఘోరమైనది. నికరాగ్వా తిరుగుబాటుదారులకు సైనిక సహాయము చేయరాదని కాంగ్రెసు శాసించియుండగా, భద్రతా మండలి సిబ్బంది ఇరానునకు ఆయుధము లమ్మిన సొమ్ములో కొంత వారికే మళ్లించిరి. సలహా చెప్పవలసిన కార్యాలయము కార్యమునే నడపినచో శాసనము తెరవెనుక నెట్లు భంగమగునో దీనివలన తేటపడినది.

ఒక్కొక్క పనికి ఒక్కొక్క పెత్తనదారుని నిలుపుట గూడ నచ్చటి యాచారమైనది. 1917లో రష్యాలో కూలిన ‘జారు’ బిరుదమును అమెరికా పత్రికలు వీరికి తగిలించినవి. ఈ దోషము ఒక్క కక్షకు మాత్రమే చెందినది గాదు. 2009లో ఒబామా ఇట్టివారిని పెక్కుమందిని నియమింపగా, ఆయన కక్షకే చెందిన వృద్ధ సెనేటరు రాబర్టు బర్డు అధికారముల తూనిక చెడునని లేఖ వ్రాసి హెచ్చరించెను. 2011లో కాంగ్రెసు ఇట్టి నాలుగు పదవులకు ధనము నిలిపివేసినది. ఒబామా ఆ శాసనముపై సంతకము చేయుచునే, తన సలహాదారులను తాను ఎన్నుకొను హక్కునకు అది భంగకరము గాకుండ నన్వయింతునని ప్రకటించెను.

2025లో ట్రంపు ఎలాన్ మస్కును ప్రత్యేకోద్యోగిగా దెచ్చెను. ఆయన కేవలము సలహాదారు, నిర్ణయాధికారము లేనివాడని ప్రభుత్వము ఫిబ్రవరిలో న్యాయస్థానమునకు విన్నవించెను. మార్చిలో కాంగ్రెసు నెదుట నిలిచి, వ్యయనియంత్రణ సంస్థకు మస్కే నాయకుడని అధ్యక్షుడు చెప్పెను. ఒక్క మనిషి న్యాయస్థానమున సలహాదారు, సభలో నాయకుడు! మేరీలాండునందలి ఫెడరల్ న్యాయమూర్తి యొకరు, ఆయన వ్యవహారము నియామక నిబంధనకు విరుద్ధమై యుండవచ్చునని మార్చిలో తీర్పు చెప్పగా, పై న్యాయస్థానము దాని యమలును నిలిపెను. మే నెలాఖరున మస్కు ప్రభుత్వమును వీడెను.

మన కింకను దగ్గరి సంగతి యొకటి గలదు. 2025 ఆగస్టు 27 నుండి భారతదేశపు సరకులలో ననేకముపై అమెరికా సుంకము 50 శాతమునకు చేరెను. మనము రష్యా చమురు కొనుటను దూషించుచు ఆ సుంకమును బహిరంగముగా సమర్థించినవారిలో వర్తక సలహాదారు పీటరు నవారో ముఖ్యుడు. ఆయన పదవికి సెనేటు సమ్మతి లేదు. దెబ్బ మాత్రము భీమవరము, నెల్లూరు ప్రాంతముల రొయ్యల చెరువుల గట్టు దాకను వచ్చినది.

ఇంతకును సలహాదారులే ప్రభుత్వాధికారమును పెంచుచున్నారా? మా యభిప్రాయమున నిది సగము సత్యము. సలహాదారుడు తన యింటినుండి అధికారమును దెచ్చుకొనడు. అధ్యక్షుని చేతిలో నున్నదానినే వాడును. ఆ చేతిని నింపినది కాంగ్రెసే. పై సుంకమునకు ఆధారముగా జూపబడినది 1977లో కాంగ్రెసు చేసిన అత్యవసరాధికార శాసనము. తాళపుచెవులు గుత్తిగా నప్పగించి, వానినెవరు త్రిప్పుచున్నారని పిమ్మట విలపించిన నేమి ఫలము?

మిగిలిన సగము బాధ్యతకు సంబంధించినది. దేశమంతయు నెన్నుకొన్న అధ్యక్షుడు నమ్మినవారితో నేకాంతమున మాటాడుకొనవలదని మేమనము. ప్రతి సలహాదారుని సభలోని కీడ్చినచో నిర్భయమైన సలహా నశించును. కాని సలహా వేరు, శాసనము వేరు. ఉత్తరువు నిచ్చువాడు, ధనమును నిలుపువాడు, ఉద్యోగులను తొలగించువాడు ఏ పేరున నున్నను అధికారియే. అట్టివాడు సెనేటు పరీక్షకు నిలువవలెను. లేదా పరీక్షకు నిలిచిన మంత్రి సంతకముతోనే యుత్తరువు వెలువడవలెను. కాంగ్రెసు పిలిచినపుడు వచ్చి సమాధానము చెప్పవలెను. ఈ మూడింటిలో నొక్కటియు లేనిచోట ఎన్నికలు జరిగినను బాధ్యతాయుత ప్రభుత్వము లేనట్లే.

సమర్థత ఈ లోపమును పూరింపజాలదు. 1939లో చెన్నరాజధానిలో మంత్రివర్గము రాజీనామా చేసినది మొదలు 1946 వరకు గవర్నరు సలహాదారులతో పాలించెను. ఆ సలహాదారులు అనుభవశాలురైన యుద్యోగులే. అయినను రైతు కష్టమును గూర్చి వారిని నిలదీసి యడుగుటకు సభ యన్నది లేకపోయెను. ఆ కాలమును ‘సలహాదారుల పాలన’ యనియే మన పెద్దలు చెప్పుకొనిరి. అది పరాయి ప్రభుత్వము, అమెరికాది ప్రజలెన్నుకొన్నది. భేదము గొప్పదే. ఆ భేదమును నిలువబెట్టుకొను భారము అచ్చటి కాంగ్రెసుపై నున్నది. వ్యాజ్యముల తీర్పులకై వేచియుండక, తానిచ్చిన యధికారములను తానే తిరిగి లెక్క చూచుకొనుట దాని ప్రథమ కర్తవ్యమని మా విశ్వాసము.