గుట్ట మీద వోటు

మొన్న రాజమహేంద్రవరంలో కొందరు అధ్యాపకులం కూర్చున్నప్పుడు ఒక మిత్రుడు కాలిఫోర్నియా కబురు చెప్పారు. అక్కడ ఫ్రీమాంట్ అని ఒక పట్టణం వున్నది. మనవాళ్ల పిల్లలు ఆ ప్రాంతంలో చాలామందే ఉద్యోగాలు చేసుకుంటున్నారు. పట్టణాన్ని ఆనుకొని వున్న కొండల మీద ఎంతమేరకు కట్టుకోవచ్చునన్న విషయం 1981లోనూ, మళ్లీ 2002లోనూ అక్కడి ప్రజలే వోటు వేసి తేల్చారు, హద్దు పెట్టారు. ఇదంతా చెప్పి, “అవి వాళ్ల ముచ్చట్లు. మనకు కావలసింది అభివృద్ధి, ఇళ్లు” అని ముగించారు ఆయన. వేరెవరైనా అంటే వూరుకునేవాణ్ణి. ఆయన మనలో ఒకరు, అభ్యుదయవాది. అందుకని ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

మనది డెల్టా, మనకు కొండల గొడవేమిటనేవారికి ధవళేశ్వరం గుర్తు చేస్తాను. 1847లో ఆనకట్ట పని మొదలైనప్పుడు ఆ చోటు ఎంచుకోవడానికి ఒక కారణం, గోదావరి గట్టునే రాతికొండ వుండటం. ఆ రాయి ఏట్లో పడి 1852 నాటికి ఆనకట్ట అయింది. దాని కింద లక్షల ఎకరాలు పండాయి. (దొరల ఖజానాకు శిస్తూ పండింది. ఆ లెక్క వేరే చెప్పుకోవాలి.) కనుక కొండను తాకడమే పాపమని నేననడం లేదు. ఆ కొండ తరిగి అన్నం వచ్చింది. నేడు తరుగుతున్న గుట్టలు దేనికి తరుగుతున్నాయి?

రాజానగరం వైపు నుంచీ, కోరుకొండ వైపు నుంచీ వచ్చే గ్రావెల్ లారీ వెంట ఒకసారి వెళ్లి చూడండి. అది చివరకు ఆగేది చాలాసార్లు వరిచేలో. డెల్టా చేను పల్లం. అక్కడ ఇల్లు లేవాలంటే ముందు మెరక చేయాలి. మెరకకు గ్రావెల్ తోలాలి. గ్రావెల్ కోసం గుట్టను తవ్వాలి. అంటే ఒకే లారీ అక్కడ గుట్టనూ ఇక్కడ పొలాన్నీ మింగుతున్నది. పైగా బోదె పూడిపోతుంది. పక్క చేనివాడికి మురుగు దిగదు. రెండేళ్లు వరుసగా పంట కుళ్లితే అతడూ లేఅవుటువాడికే అమ్ముకుంటాడు. సాగుభూమిని ఇళ్లస్థలాలుగా మార్చడానికి 2006 నాటి చట్టం రుసుము అడిగింది. చేను దున్నే కౌలుదారు సమ్మతి అడగలేదు. గుట్ట కింద మేకలు కాసుకునేవాడి మాట ఎవరికి కావాలి?

“పేదలకు ఇళ్లు వద్దా?” అన్నది మన మిత్రుని బ్రహ్మాస్త్రం. 2020లో బూరుగుపూడి ఆవ భూములు వందల ఎకరాలు తీసుకున్నది పేదల ఇళ్లస్థలాల పేరనే. ఆవ అంటే వానాకాలం నీరు నిలిచే పల్లమని గోదావరి సీమలో పిల్లలకు కూడా తెలుసు. ఆ వ్యవహారం హైకోర్టుకెక్కింది. ఆ స్థలాలు ఎవరికోసమో ఆ వాడల స్త్రీలను ముందుగా అడిగి వుంటే, అక్కడ కాపురం వుంటారో వుండరో ఒక్క నిమిషంలో చెప్పేవారు. పేదవాడికి సమమైన నేల దక్కకపోతే అతడు పల్లంలోకి దిగుతాడు, లేదా కొండెక్కుతాడు. విజయవాడలో కొండెక్కాడు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. మరి మంచి నేల ఎవరి చేతిలో వున్నది? దాన్ని వదిలి ఆవనే ఎందుకు ఎంచుకున్నారు? అభివృద్ధి అనే మాట ఈ ప్రశ్న దగ్గరకు రాగానే గొంతు సవరించుకుంటుంది.

నిర్ణయించేది ఎవరు? 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ భూవినియోగాన్ని పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనుల్లో చేర్చింది. 3 లక్షలు దాటిన పట్టణాలకు వార్డు కమిటీలు వుండాలన్నది. 2011 జనాభా లెక్కల్లోనే రాజమహేంద్రవరం ఆ హద్దు దాటింది. కాని మన కౌన్సిలు గడువు 2019లో తీరింది. 2021 మార్చిలో రాష్ట్రంలో అనేక నగరాలకు ఎన్నికలు జరిగినప్పుడు మనకు జరగలేదు. పోనీ కౌన్సిలుంటే చాలునా? అదే మార్చిలో విశాఖ ప్రజలు కౌన్సిలును ఎన్నుకున్నారు. ఆ యేడే పర్యాటకం పేర రుషికొండను దొలవడం మొదలైంది. కొండ గతి తేల్చింది ఆ కౌన్సిలు కాదు, రాష్ట్ర ప్రభుత్వం. లోపల ఏం కట్టారో జనం చూసింది 2024 జూన్‌లో, ప్రభుత్వం మారిన తరువాత.

మా మిత్రుని మరో అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇటువంటి వోటు ఆస్తిపరుల ఆయుధమవుతుందన్నారు. నిజమే. కొండ అందం పేరు చెప్పి, ఇల్లు లేని కొత్తవాడికి వూళ్లో చోటు లేకుండా చేసిన వోట్లు అమెరికాలో వున్నాయి. కాని నియమగిరి కూడా వున్నది. ఒడిశాలోని ఆ కొండల్లో బాక్సైటు తవ్వకం విషయం గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వేసవి దాటాక 12 పల్లెల్లో సభలు జరిగాయి. 12 పల్లెలూ వద్దన్నాయి. వోటు వేసినవారు డోంగ్రియా కోందులు, వారి ఇరుగుపొరుగు. పెద్ద ఆస్తులున్నవారు కారు. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. కనుక తేల్చుకోవలసింది వోటు ఎవరికన్నది. పట్టాదారుకు మాత్రమేనా, ఆ నేల మీద బతికే ప్రతి మనిషికీనా? కౌలుదారు, క్వారీ కూలీ, ఇంటిస్థలానికి దరఖాస్తు పెట్టుకున్న స్త్రీ, వీరి పేర్లు ఆ జాబితాలో లేకపోతే నేనే ఆ వోటును వ్యతిరేకిస్తాను.

అటువంటి జాబితా తయారుచేసి వార్డు సభలోనూ, గుట్ట వున్న పల్లె గ్రామసభలోనూ రహస్య వోటు పెట్టమంటాను. కాగితం మీద ఈ ప్రశ్న అచ్చు వేయాలి: ఈ గుట్ట నుంచి ఇన్ని లారీల మట్టి, ఫలానా సర్వే నంబరు చేలోకి, ఫలానావారి లేఅవుటు కోసం తోలదలచారు, ఆ చేను నీరు ఇకమీదట ఫలానా కాల్వలోకి పోతుందంటున్నారు, మీకు సమ్మతమేనా?

ఇంత పొడుగు ప్రశ్న ఎవరు చదువుతారని మా మిత్రుడు నవ్వారు. చదవలేనివారికి ఇంటింటికీ వెళ్లి చదివి వినిపించడానికి మనం ఇంతమంది అధ్యాపకులం వున్నాం కదా అన్నాను. కోరుకొండ రోడ్డు వైపు పల్లెలు నేను తీసుకుంటానన్నాను. ఆయన ఏ వైపు తీసుకుంటారో ఇంకా చెప్పలేదు.