ఇంద్రావతి ఒడ్డున తొలి గాలం

గాలం వేయడం నేర్చుకోదలచినవానికి అంగడివాడు మొట్టమొదట చూపించేది రీలు. మిలమిలలాడే ఆ చక్రాన్ని ఒకసారి చేత తిప్పి చూచినవాడు వట్టి చేతులతో బయటికి రావడం కష్టం. చిట్టచివర చూపించేది, ఒక్కొక్కప్పుడు అసలు చూపించనిది, గోరంత గాలపు కొక్కెం. చేప నోటిలోకి వెళ్లేది మాత్రం అదే. తక్కిన సామగ్రి అంతా దాన్ని సరియైన చోటికి, సరియైన లోతుకు చేర్చడానికి వున్న పరివారం.

ఈ మాట ఏ నదికైనా చెల్లుతుంది గాని, బస్తరులోని ఇంద్రావతికి మరింత చెల్లుతుంది. విశాఖపట్నం నుండి అరకు మీదుగా కిరండూలు వెళ్లే రైలెక్కి జగదల్‌పూర్‌లో దిగే తెలుగువారు చాలామంది చిత్రకోట జలపాతం చూచి, ఫోటోలు తీసుకొని, మరునాడే తిరుగు ప్రయాణం కడతారు. వారిలో ఎవరైనా రెండు రోజులు ఆగి ఏటి ఒడ్డున కూర్చోదలచుకొంటే వెంట ఏమేమి వుండాలో ఈసారి చెప్పుకొందాం. ఆ నది మనకు పరాయిది కాదు. ఒడిశాలోని కలహండి కొండలలో పుట్టి, బస్తరు పీఠభూమిని దాటి, 500 కిలోమీటర్లకు పైగా ప్రవహించి భద్రకాళి వద్ద మన గోదావరిలోనే కలుస్తున్నది.

ఇంగ్లండులో సాల్మన్, ట్రౌట్ చేపలను పెద్ద కులానికి చెందినవిగానూ, ఏటిలోని తక్కిన చేపలన్నిటినీ ముతక రకంగానూ ఎంచే ఆచారం వున్నది. మన దేశానికి వచ్చిన దొరలు ఆ పెద్దపీటను మహసీరుకు వేశారు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ 1873లో ప్రచురించిన 'ది రాడ్ ఇన్ ఇండియా' గ్రంథంలోనూ అగ్రస్థానం దానిదే. లావుపాటి కర్ర, బరువైన రీలు, మందపు తాడు లేనిదే గాలం వేట కాదనే భ్రమ మనకు ఆ కాలం నుండే అంటుకొన్నదని నా అనుమానం. ఇంద్రావతిలోనూ పెద్ద చేప లేకపోలేదు. తెలుగులో రాతిజెల్ల అని, బస్తరులో బోధ్ అని పిలిచే చేప ఈ నది మడుగులలో వుంటుంది. బోధ్‌ఘాట్ అనే పేరు దాని మూలంగానే వచ్చిందంటారు. అయితే అది నానాటికీ అరుదవుతున్నది. కొత్తగా గాలం పట్టినవాడు దాని జోలికి పోకపోవడమే మేలు. అతనికి గురువులు కాగలవి పరిగెలు, చిన్న జెల్లలు, అరచేతి పొడవు మోసు పిల్లలు. ఎరను కొరికేటప్పుడు ఇవి చేసే మాయలు తెలిసినవానికి పెద్ద చేప సంగతి తరువాత దానంతటదే తెలుస్తుంది.

ఇక కర్ర. వెదురు పుట్టిల్లయిన బస్తరుకు పోతూ పట్టణంలో కర్ర కొనడమెందుకు? అయితే అడవిలో స్వయంగా నరకకూడదు. అది అటవీశాఖతో తగవు. వారపు సంతలో అడిగితే ఎండిన వెదురు దొరుకుతుంది. మనం సాధనపు వెదురు అని పిలిచే, లోపల బోలు తక్కువగా వుండే రకం శ్రేష్ఠం. పది నుండి పన్నెండు అడుగుల పొడవు చాలు. కణుపులు దగ్గర దగ్గరగా వుండాలి. మొదలు పట్టుకొని కొనను నేలకు ఆన్చి వంచితే విల్లులా వంగాలేగాని, ఒక్కచోట విరిగినట్లు మడత పడకూడదు. కొనేముందు కర్రను ఒంటిచేత్తో చాచి పట్టుకొని పావుగంట నిలబడి చూడండి. సంతలోని పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి. పావుగంటకే మణికట్టు నొప్పి పుట్టించే కర్ర పూటంతా పట్టడానికి పనికిరాదు.

ఇప్పుడు ఒకదానిలోకి ఒకటి జొనిపే ఫైబర్‌గ్లాసు కర్రలు, కార్బన్ కర్రలు కూడా దొరుకుతున్నాయి. రైలు ప్రయాణానికి అవి సుఖం. కాని కార్బన్ గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. తడిసిన వెదురును కూడా నమ్మడానికి లేదు. కరెంటు తీగల క్రింద గాని, ఉరుములు వినిపిస్తున్నప్పుడు గాని ఏ కర్రనూ పైకెత్తకూడదు.

రీలు ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. ఖర్చు ఒక్కటే కారణం కాదు. రీలు వున్నవానికి ఎరను దూరంగా విసరాలనే కోరిక పుడుతుంది. దూరంగా విసరాలంటే బండల చివరకు పోవాలనిపిస్తుంది. చిత్రకోట పైభాగాన, దిగువన వుండే బండలు నీటి తడికీ పాచికీ నున్నబడి వుంటాయి. సుమారు 30 మీటర్ల ఎత్తు నుండి దూకే ప్రవాహం దగ్గర కాలు జారితే ఈత వచ్చినా ఫలితం వుండదు. జలపాతానికి ఎగువనైనా, దిగువనైనా ఆ బండల మీద ఎవ్వరూ గాలం వేయకూడదు. తాడును కర్ర కొనకే కట్టినవాడికి అందేది పన్నెండడుగుల దూరమే. కనుక అతడు మట్టి ఒడ్డున, నీరు మెల్లగా సుడి తిరిగే చోట కూర్చుంటాడు. చిన్న చేపలు మేసేదీ అక్కడే.

తాడు 0.20 మిల్లీమీటర్ల నైలాను. సుమారు 3 కిలోల బరువును ఆపుతుంది. పొడవు కర్రకు సమానంగా వుంటే, కర్ర ఎత్తగానే చేప చేతికే వస్తుంది. దానిని కొనకు మాత్రమే ముడివేయక, రెండడుగుల క్రింద ఒక ముడి వేసి, కర్రకు చుట్టుకొంటూ కొన దాకా తీసుకుపోయి అక్కడ మరొకటి వేయండి. కొన విరిగినా తాడు నీటిపాలు కాదు. చివరి అడుగు మాత్రం మరింత సన్ననిది, 0.16 వాడాలి. ఇంద్రావతి అడుగున రాళ్లు ఎక్కువ. కొక్కెం రాతి సందున చిక్కుకొన్నప్పుడు ఆ సన్నని ముక్క ఒక్కటే తెగుతుంది. బెండు, గుండ్లు, మిగిలిన తాడు మీకు దక్కుతాయి. నీటిలో మిగిలిపోయే నైలాను కూడా తగ్గుతుంది. వేసవిలో ఈ సన్నతనం మరీ అవసరం. ఒడిశా సరిహద్దు వద్ద ఇంద్రావతి నీరు జోరా నాలాలోకి మళ్లి శబరి వైపు పోవడం వల్ల జగదల్‌పూర్ దగ్గర ఎండాకాలపు ప్రవాహం చిక్కిపోతున్నది. అడుగు కనిపించే పలుచని నీటిలో లావు తాడును చూచిన పరిగె ఆ దరికే రాదు.

నైలాను ముడిని బిగించేముందు నోటి తడితో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి, తాడు బలంలో చాలా భాగం ముడి దగ్గరే పోతుంది. చేప తెంపుకుపోయిందని చెప్పుకొనే కథలు అనేకం ఇటువంటి ముడుల కథలే.

బెండు విషయంలో మన పూర్వులు చెప్పినదానికి చేర్చవలసినది లేదు. జీలుగు బెండును చిటికెన వ్రేలి పొడవున కోసి, గోరింట పుల్ల లావుకు చెక్కితే చాలు. రంగుల ప్లాస్టిక్ బెండ్లు కంటికి ఇంపు. చేపకు ఆ తేడా తెలియదు. అసలు విద్య బెండును తూచడంలో వున్నది. బక్కెటు నీటిలో బెండును వేసి, తాడుకు గుండ్లు ఒక్కొక్కటే చేర్చుకొంటూ పోండి. బెండు నిలువుగా నిలిచి, బియ్యపు గింజంత కొన మాత్రమే పైకి కనిపించేవరకు చేర్చాలి. అంగుళం పైకి తేలే బెండును ముంచడానికి పరిగె బలం చాలదు. బరువు తగలగానే అది ఎరను వదిలేస్తుంది. అక్కడ చేపలు లేవనుకొని మీరు చోటు మారుస్తారు.

గుండ్లకు సీసం వాడేవారే ఎక్కువ. సీసపు గుండ్లను పళ్లతో కొరికి బిగించే అలవాటు మానండి. అది విషం. నీటిలో రాలిన గుండ్లను మింగి హంసలు చనిపోతున్నాయని బ్రిటన్‌లో 1987లో 0.06 గ్రాముల నుండి 28 గ్రాముల దాకా వుండే సీసపు గుండ్ల అమ్మకాన్నే నిషేధించారు. సైకిలు దుకాణంలో దొరికే చిన్న ఇనుప నట్టు తాడుకు కట్టినా పని జరుగుతుంది.

కొక్కేల అంకెలు తలక్రిందుల లెక్క. అంకె పెరిగినకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. పరిగెకు 14, జెల్లకు 8 లేక 10. రెండు రకాలు పదేసి చొప్పున వుంటే ప్రయాణమంతా గడుస్తుంది. కొక్కెం లోపలి ఎదురు ముల్లును పటకారుతో నొక్కివేయండి. చేపను వదలదలచినప్పుడు సులభంగా ఊడుతుంది. మీ వ్రేలికి దిగినా అంతే సులభంగా ఊడుతుంది. జెల్లను పట్టేటప్పుడు వీపు మీది ముల్లును, రెండు ప్రక్కల ముళ్లను తప్పించి పట్టాలి. ఇంగిలాయి పడితే చేత తాకనే కూడదు. దాని ముల్లు గుచ్చుకొంటే విషమెక్కి భరించరాని నొప్పి. చేయి కాలనంత వేడి గల నీటిలో ముంచితే కొంత ఉపశమనం కలుగుతుంది. ఆపైన వైద్యుని చూడాలి.

ఎరకు తడి మన్నులోని ఎర్రలు, లేదా ముద్దగా పిసికిన గోధుమపిండి. వంగదేశపు గాలగాండ్రు ఎర్రచీమల గ్రుడ్లను గొప్ప ఎరగా భావిస్తారు. బస్తరు సంతలలో ఆ చీమలను దొప్పలలో పోసి అమ్ముతారు గాని, అవి చాప్డా పచ్చడికి. అంత రుచిగల వస్తువును చేపలకు వేయడం దుబారా.

ఒడ్డున కూర్చోబోయేముందు రెండు సంగతులు. వర్షాకాలంలో చేపలు గ్రుడ్లు పెట్టే జూన్ 16 నుండి ఆగస్టు 15 వరకు ఛత్తీస్‌గఢ్‌లో వేట నిషేధం. 1981లో ఏర్పడిన ఇంద్రావతి జాతీయోద్యానంలోనూ, 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ జాతీయోద్యానంలోనూ ఏ కాలంలోనూ గాలం వేయరాదు. తక్కిన చోట్ల జగదల్‌పూర్‌లోని మత్స్యశాఖను, ఆ రేవులో వల వేసేవారిని అడగండి. మీకు అది కాలక్షేపం. వారికి ఆ పూట కూర. వెదురు బుట్టలు, వలలు పన్నివున్న చోటికి పది బారల ఎడంగా కూర్చోవడం, వారు కోరితే లేచిపోవడం మర్యాద.

వాన నీరు తేటపడే అక్టోబరు నెల మొదలుపెట్టడానికి అనువైనది. ఇంటికి వచ్చిన తరువాత కర్రను గోడకు చేరవేయకండి, వంకర తిరుగుతుంది. తుడిచి, సన్నగా నూనె రాసి, చూరు క్రింద రెండు త్రాళ్లతో అడ్డంగా వ్రేలాడదీయండి. తెగిన నైలాను ముక్కలను జేబులో వేసుకొని తెచ్చి ఇంటి వద్ద పారవేయండి. ఒడ్డున వదిలితే పక్షుల కాళ్లకు చుట్టుకొంటాయి.