డాక్టరు అడిగితే దాచవద్దు

ఈ నెల మా ఇంటి సంగతే రాస్తున్నాను. ఇందులో తప్పు నాదే, అందుకే దాచకుండా రాస్తున్న.

పోయిన దసరా అయినంక మా మనవనికి కుడి కన్ను మసకబారింది. వయసు 17. పొద్దున కాలేజీ, సాయంత్రం పవర్లూమ్ మీద పని. "తాతా, నడిమిట్ల మబ్బు కమ్మినట్టున్నది" అన్నడు. కన్ను ఎర్రగా లేదు, పుసి లేదు, నొప్పి లేదు. వారం ముందు జ్వరం వచ్చి పోయింది.

మా పక్కింటి కోడలికి నిరుడు ఇట్లనే కన్ను మసకబారితే, ఆస్పత్రిలో మూడు రోజులు సెలైన్‌ల మందు ఎక్కించి, తర్వాత స్టీరాయిడ్ మాత్రలిచ్చిన్రు. చూపు తిరిగొచ్చింది. ఆమె దగ్గర మిగిలిన మాత్రలు నేనే అడిగి తెచ్చిన. ఆమెకు తగ్గింది, వీనికెందుకు తగ్గదు అనుకున్న. రెండు మాత్రలు మింగించిన కూడా. మూడో రోజుకు మబ్బు ఇంకా పెరిగింది. అప్పుడు కోడలు, నేను కలిసి వాణ్ణి సోలాపూర్‌లనే ఒక కంటి ఆస్పత్రికి తీసుకపోయినం.

డాక్టరమ్మ ముందు బీపీ చూసింది. బీపీ బాగా పెరిగినా కంటి నరం ఉబ్బుతుందట. తర్వాత ఎర్ర మూత ఒకటి చూపించి, ఒక్కో కన్ను మూసి, "రెండు కండ్లకు ఒకే ఎరుపు కనిపిస్తుందా?" అని అడిగింది. కుడి కంటికి వెలిసిపోయినట్టు కనిపించిందట. టార్చిలైటు ఈ కంటి నుంచి ఆ కంటికి తిప్పి చూసింది. చుక్కల మందేసి లోపల చూసి, "కంటి నరం మొదలు ఉబ్బింది. పక్కన రెటీనా తెరలో కూడా నీరు చేరింది" అన్నది.

నేను పక్కింటి ఆమె సంగతి చెప్పిన. డాక్టరమ్మ నవ్వలేదు, కోపం చేయలేదు. "కాకా, ఆమెకు కన్ను తిప్పితే నొప్పి ఉండెనా?" అని అడిగింది. ఉండె. "ఆ జబ్బు వేరు. అది నరానికే పరిమితం. ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్లకు వస్తుంది. దానికి మెదడు స్కానింగు కూడా చూస్తాం. దానికైనా ఒట్టి మాత్రలు పనికిరావు" అన్నది. అమెరికాల దాని మీద చేసిన పెద్ద పరిశీలన 1992లో బయటికొచ్చిందట. సెలైన్‌ల ఎక్కించకుండా మామూలు మోతాదు మాత్రలే మింగినవాళ్లకు జబ్బు మళ్లీ మళ్లీ రావడం ఎక్కువైందట. "మీ వాడికి నరంతోపాటు తెర కూడా ఉబ్బింది. దీనికి వెనక క్రిమి ఉండొచ్చు. క్రిమి ఏదో తెలియకుండా స్టీరాయిడ్ ఇస్తే అది ఇంకా బలుస్తుంది" అన్నది. నా గుండె జల్లుమన్నది.

తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. పిల్లులు, కుక్కలు ఉన్నాయా? ఉడకని మాంసం తిన్నాడా? ఒంటి మీద దద్దుర్లు వచ్చాయా? సుఖవ్యాధి పరీక్ష కూడా రాస్తే కోడలు మొహం మాడ్చుకున్నది. "ఇది అందరికీ రాస్తాం, అవమానం కాదు" అన్నది. చేతులు, చంకలు తడిమి చూసింది. కుడి చంకల గడ్డ తగిలింది. "ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండెనా?"

"లేదమ్మా" అన్న.

అది అబద్ధం. కొడుకు పెళ్లికి రెండేండ్ల ముందు నాకు టీబీ వచ్చింది. మందు పూర్తిగా వాడిన, తగ్గింది. సంబంధం తప్పిపోతదని వియ్యంకులకు చెప్పలే. ఆ రోజు కోడలు పక్కనే కూర్చున్నది. నోరు రాలే.

రాత్రి నిద్ర పట్టలేదు. మిల్లుల గుడ్డ మీద గీత పడితే జాబర్ వచ్చి, పడుగుల పోగు తెగిందా, రీడు పన్ను వంగిందా, షటిల్ తగిలిందా అని ఒక్కొక్కటి చూసి తీసేసేటోడు. మనం ఏదైనా దాచిపెడితే ఆయన మాత్రం ఏం చేస్తడు? తెల్లారి మళ్లీ పోయి కోడలి ముందరనే చెప్పిన. డాక్టరమ్మ, "నిన్న చెప్తే నిన్ననే ఛాతీ ఎక్స్‌రే రాసేదాన్ని" అని మాత్రం అన్నది. చంకల గడ్డ టీబీది కూడా కావచ్చు కాబట్టి ఎక్స్‌రే, చర్మ పరీక్ష చేసి, గడ్డలోంచి సూదితోటి కొంచెం తీసి పంపిన్రు.

టీబీ లేదని తేలింది. అప్పుడు వాని చేతి మీది గీతలు చూపించి పిల్లి సంగతి మళ్లీ అడిగింది. మొదట లేవన్నడు. ఇంట్ల లేదు కానీ, మగ్గాల షెడ్డుల పిల్లి ఈనింది, ఆ కూనలతోటి ఆడిండట! కూనల మీది గోమార్ల వల్ల వాటికి ఒక క్రిమి అంటుతుందని, అవి గీకితే మనిషికి జ్వరం, గడ్డ, కొందరికి కంటి నరం వాపు వస్తాయని చెప్పింది. రక్తపరీక్షల ఆ క్రిమి గుర్తులే వచ్చినయి. మరో వారానికి తెర మీద నక్షత్రం లాంటి తెల్లని గుర్తు కనిపించింది. వాపు నుంచి కారిన నీరు ఇంకిపోయి కొవ్వు మిగిలితే అట్ల అవుతుందట. అది కనిపించిందంటే పక్కింటి ఆమె జబ్బు కాదన్నమాట.

మందులు వాడినంక నెల రోజులకు చూపు చాలావరకు వచ్చింది. నక్షత్రం పూర్తిగా పోవడానికి నెలలు పడుతుందన్నరు.

మీకు చెప్పేది ఇంతే. ఎరుపు లేకుండా చూపు తగ్గినా అది చిన్న సంగతి కాదు, అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి పోండి. ఒకరి మాత్రలు ఇంకొకరికి వేయకండి. టీబీ మందు వాడేవాళ్లకు రంగులు తేడాగా కనిపిస్తే అది క్రిమి కాదు, మందు వల్ల కావచ్చు. సొంతంగా ఆపకుండా వెంటనే డాక్టరుకు చెప్పండి. టీబీకి సర్కారు దవాఖానల పరీక్ష, మందు ఉచితం. దాచే జబ్బు కాదు.

కోడలు రిక్షాల ఒక్క మాట మాట్లాడలే. ఇంటికొచ్చినంక చాయ్ ఇస్తూ అన్నది: "మామా, మీకు టీబీ ఉండెనని భయం కాలే. డాక్టరమ్మకు లేదన్నరు చూడు, దానికే భయమైంది."

నాకు ఇప్పటికీ జవాబు దొరకలే.