భాష కట్టిన దేశం - బంగ్లాదేశ్ నేర్పిన పాఠం

మన కళాశాలలో ఉర్దూ విభాగానికీ తెలుగు విభాగానికీ మధ్య ఉన్నది ఒక్క గోడ మాత్రమే. గోడకు ఇటువైపు నిలిచి పాఠం చెప్పే నన్ను ప్రతి సంవత్సరమూ కొత్తగా చేరిన విద్యార్థులలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: "సార్, మీ ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు గదా, ఎం.ఏ. తెలుగు ఎందుకు చదివారు?" ఆ ప్రశ్నలో దురుద్దేశం లేదు. కాని మతానికొక భాష, భాషకొక మతం ఉండి తీరుతాయనే నమ్మకం అందులో దాగి ఉన్నది. ఆ నమ్మకాన్నే పునాదిగా చేసుకొని రాజ్యం నడపబోతే ఏమి జరుగుతుందో తెలుసుకొనుటకు బంగ్లాదేశ్ చరిత్ర ఒక్కటి చాలును.

1947లో ఏర్పడిన పాకిస్తాన్‌కు రెండు భాగాలు. వాటి నడుమ వెయ్యి మైళ్ళకు పైగా భారత భూమి. రెండింటినీ కలిపిన బంధం మతం. జనాభాలో సగానికి పైగా తూర్పు భాగంలోని వారే. వారి భాష బెంగాలీ. రాజ్యాంగ సభలో బెంగాలీకి కూడా స్థానమివ్వవలసినదని 1948 ఫిబ్రవరిలో ధీరేంద్రనాథ్ దత్తా కోరగా సభ తిరస్కరించినది. ఆ మరుసటి నెలలో జిన్నా ఢాకా నగరానికి వచ్చి, ఉర్దూ ఒక్కటే రాజభాష కాగలదని బహిరంగ సభలో ప్రకటించారు.

ఇక్కడ ఒక సత్యాన్ని ఉర్దూ చదువుకొనే మన విద్యార్థులు గమనించాలి. పంజాబీలకు గాని, సింధీలకు గాని, పఠాన్లకు గాని, బలూచీలకు గాని ఉర్దూ మాతృభాష కాదు. ఆ దేశంలో ఉర్దూను ఇంటి భాషగా కలిగినవారు బహు కొద్దిమంది. కనుక ఆ నిర్ణయంలో ఉర్దూ దోషి కాదు. ప్రేమతో నేర్చుకొన వలసిన భాషను పాలకులు ఉత్తరువుగా మార్చినారు. ఉత్తరువుగా వచ్చిన భాష ఎంత మధురమైనదైనా చెవికి కటువుగానే వినిపించును.

1952 ఫిబ్రవరి 21న ఢాకాలో నిషేధాజ్ఞలను ధిక్కరించిన విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపినారు. నాడు మరణించినవారిలో అబుల్ బర్కత్ ఢాకా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్న యువకుడు. కాల్చమన్నవారూ ముస్లింలే, కూలినవారూ ముస్లింలే. ఒకే మతం ఒకే జాతిని నిర్మిస్తుందన్న వాదం ఆనాడే బీటలు వారినది. 1956 నాటి రాజ్యాంగం ఉర్దూతోపాటు బెంగాలీని కూడా రాజభాషగా అంగీకరించినది. కాని కాగితంపై భాషకు దొరికిన గౌరవం అధికారంలో ప్రజలకు దొరకలేదు. తూర్పున పండిన జనపనార దేశానికి విదేశ మారకద్రవ్యాన్ని ఆర్జించి పెట్టినది. పరిశ్రమలు, సైన్యం, పెద్ద ఉద్యోగాలు పడమట పేరుకొన్నవి. 1970 నవంబరులో వచ్చిన తుఫాను కనీసం మూడు లక్షల ప్రాణాలను బలిగొన్నప్పుడు సహాయం ఆలస్యమైనది. ఆ మరుసటి నెల ఎన్నికలలో 300 స్థానాలకు 160 గెలిచిన అవామీ లీగ్‌కు అధికారం అప్పగించుటకు బదులు, 1971 మార్చి 25 రాత్రి సైన్యాన్ని ప్రజలపైకి వదిలినారు. నాడు బెంగాలీ కోసం సభలో నిలబడిన ధీరేంద్రనాథ్ దత్తా ఆ సైన్యం చేతిలోనే హతులైనారు. సుమారు కోటిమంది భారతదేశానికి శరణార్థులై వచ్చినారు. డిసెంబరు 16న కొత్త దేశం నిలిచినది.

కథ ఇంతటితో ముగిసిన యెడల భాషాభిమాన విజయమని సంతోషించి ఊరుకొనవచ్చును. అసలు పాఠం ఆ తరువాతనే ఉన్నది.

1947లో బీహారు మొదలైన ప్రాంతాలనుండి వలస వెళ్ళిన ఉర్దూ మాట్లాడే ముస్లింలు ఆ గడ్డపై ఉండిరి. వారిలో కొందరు 1971లో సైన్యం పక్షాన నిలిచిన మాట వాస్తవం. కాని శిక్ష ఆ కొందరితో ఆగలేదు. నిరపరాధులు అనేకులు చంపబడినారు. మిగిలినవారిలో లక్షలమంది శిబిరాలలో చిక్కుకొన్నారు. ఢాకాలోని జెనీవా క్యాంపు వాటిలో ఒకటి. ఇరుకు గదులలో పిల్లలు పుట్టినారు, ఆ పిల్లలకు పిల్లలు పుట్టినారు. వారు ఏ దేశ పౌరులో మాత్రం తేలలేదు. 1971 నాటికి మైనర్లుగా ఉన్నవారూ, ఆ తరువాత పుట్టినవారూ బంగ్లాదేశ్ పౌరులేనని ఢాకా హైకోర్టు తీర్పు చెప్పినది 2008లో! తమ నాలుక కోసం రక్తమిచ్చిన జాతి, ఇరుగుపొరుగు నాలుకను బట్టి మనిషిని అనుమానించినది.

చిట్టగాంగు కొండలలోని చక్మాలు మొదలైన తెగలవారి అనుభవమూ అటువంటిదే. 1972 నాటి రాజ్యాంగం పౌరులందరినీ బెంగాలీలని పేర్కొన్నప్పుడు, మేము బంగ్లాదేశ్ పౌరులమే గాని బెంగాలీలము కామని మానవేంద్ర నారాయణ్ లార్మా రాజ్యాంగ సభలో నిరసన తెలిపినారు. ఆ మాట వినని ఫలితంగా కొండలలో సాయుధ పోరాటం సాగి, 1997లో గాని ఒప్పందం కుదరలేదు.

ఆ దేశం సాధించిన ప్రగతిని తక్కువ చేయుట నా ఉద్దేశం కాదు. 1974లో కరవు, 1975లో ముజిబుర్ రహమాన్ హత్య, ఆ పిమ్మట దీర్ఘకాలం సైనికాధికారుల ఏలుబడి - ఇన్నింటిని దాటి వచ్చిన దేశమది. నాడు స్త్రీకి సగటున ఏడుకు చేరువగా ఉన్న సంతానం నేడు రెండుకు దగ్గరైనది. ఆడపిల్లలు బడికి వచ్చినారు. లక్షల స్త్రీలు దుస్తుల కర్మాగారాలలో సంపాదనపరులైనారు. ఆ సంపాదన వెల ఎంతో 2013లో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా మరణించినప్పుడు లోకానికి తెలిసినది. 2024లో ఉద్యోగాల కోటాపై మొదలైన విద్యార్థుల ఆందోళన ప్రభుత్వాన్నే కూల్చినది. విమోచన పోరాటం పేరు చెప్పి ఎల్లకాలం పాలించలేరనీ, కొత్త తరం అడిగేది ఉపాధి, న్యాయం, గౌరవం అనీ ఆ సంఘటన చాటినది.

మన సంగతి చూతము. ఢాకాలో కాల్పులు జరిగిన 1952వ సంవత్సరంలోనే, డిసెంబరు 15న, పొట్టి శ్రీరాములు గారు ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్షలో అమరులైనారు. ఆలస్యంగానైనా కేంద్రం దిగివచ్చినది, 1953లో రాష్ట్రం ఏర్పడినది, దేశం విడిపోలేదు. అయితే, ఒకే భాష ఆధారంగా 1956లో కలిసిన తెలుగువారు 2014లో రెండు రాష్ట్రాలైనారు. నీళ్ళు, నిధులు, ఉద్యోగాలలో న్యాయం జరగలేదని ఒక ప్రాంతం భావించినప్పుడు ఏకభాష ఆ బంధాన్ని నిలుపలేకపోయినది. పాకిస్తాన్‌ను మతం కలిపి ఉంచలేదు. ఉమ్మడి రాష్ట్రాన్ని భాష కలిపి ఉంచలేదు. కలిపి ఉంచగలిగినది న్యాయమొక్కటే అని నా దృఢ విశ్వాసం. భిన్నంగా మాట్లాడే పొరుగువానికి మనమిచ్చే స్థానమే ఆ న్యాయానికి కొలత.

ఈ సంచికనే చూడండి. తెలుగు పుటలు ఎడమనుండి, ఉర్దూ పుటలు కుడినుండి మొదలై మధ్యలో కలుస్తాయి. కాని తెలుగు చదివినవారు ఆ మధ్య పుట వద్దనే ఆగిపోతారు. ఉర్దూ చదివినవారూ అక్కడే ఆగిపోతారు. కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే: ఉర్దూ విద్యార్థులకు తెలుగు లిపిని, తెలుగు విద్యార్థులకు ఉర్దూ లిపిని నేర్పే తరగతిని వారానికి రెండు గంటలైనా ఏర్పాటు చేయండి. పరీక్ష వద్దు, నిర్బంధం అసలే వద్దు. తెలుగు బోధించే బాధ్యత నేను సంతోషంగా స్వీకరిస్తాను.

విద్యార్థి మిత్రులారా! నేను తెలుగు ఎందుకు చదివానని అడిగినారు. ఇది నేను పుట్టిన ఊరి భాష గనుక చదివినాను. ఉర్దూ మా అమ్మ భాష గనుక దానిని విడువలేదు. రెండింటిలో ఒకటి ఎంచుకొమ్మని నన్ను ఎవరూ శాసించకపోవుట ఈ దేశంలో నాకు దక్కిన భాగ్యం. ఆ భాగ్యం మీ తరువాతి వారికి కూడా దక్కునట్లు చూచుట మీ బాధ్యత.